గోథెన్‌బర్గ్‌లో కుర్రాళ్ళ ఐస్ హాకీ: క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా

డిసెంబర్ 25, 2023

స్వీడన్‌లో స్టాక్‌హోమ్ నుంచి గోథెన్‌బర్గ్‌కు రైల్లో మూడు గంటల పైచిలుకు. పండగ రోజు కావడంతో బోగీ సగానికి సగం ఖాళీగా ఉంది. హాల్స్‌బెరి, షోవ్దె, ఆలింగ్‌సోస్ ఒక్కొక్కటే వెనక్కి పోయాయి. మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడిపోయింది. ఇక కిటికీలో నా మొహం తప్ప ఏమీ కనిపించలేదు.

అక్కావాళ్ళు ఊరికి ఆనుకుని ఉన్న మోల్న్‌డాల్‌లో ఉంటారు. బావ కార్ల కంపెనీలో ఇంజనీరు. వాళ్ళబ్బాయికి పన్నెండేళ్ళు, ఇంట్లో అందరికీ వాడు చిన్నోడే. అక్కడి క్లబ్బులో గోలీగా, అంటే గోల్‌కీపర్‌గా ఆడతాడు. రేపటి నుంచి జనవరి 5 దాకా ఊళ్ళో 20 ఏళ్ళలోపు వాళ్ళ ప్రపంచ ఐస్ హాకీ చాంపియన్‌షిప్ జరుగుతుందని సెప్టెంబర్ నుంచీ వాడు ఫోన్లో నా చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నాడు. టిక్కెట్లు కొన్నది బావ, ఏ మ్యాచ్‌లకు కొనాలో పట్టుబట్టింది నేను.

పేరుకు ప్రపంచ పోటీ, కానీ ఉన్న పది జట్లలో ఎనిమిది యూరప్‌వే: స్వీడన్, ఫిన్లండ్, చెకియా, స్లొవాకియా, స్విట్జర్లాండ్, జర్మనీ, లాత్వియా, నార్వే. మిగిలినవి అమెరికా, కెనడా. రష్యా, బెలారస్ జట్లను 2022 నుంచి దూరంగా పెట్టారు. అమెరికా, కెనడా ఆటలను అక్కడి టీవీలు ఎలాగూ మోతెక్కిస్తాయి. నేను ముఖ్యంగా ఆ ఎనిమిది జట్ల కోసం వచ్చాను. అందులోనూ గెలుస్తామన్న నమ్మకం అంతగా లేకుండా వచ్చిన వాళ్ళ కోసం.

డిసెంబర్ 26

పొద్దున తొమ్మిదైతే గానీ తెల్లవారలేదు. అక్క చేసిన పులిహోర తిని, ట్రామెక్కి ఫ్రోలుండాబోరికి వెళ్ళాం. ఆటలు రెండు చోట్ల జరుగుతున్నాయి. స్వీడన్, కెనడా ఉన్న గ్రూపుకు నగరం నడిమధ్యనున్న స్కాండినేవియం, రెండో గ్రూపుకు ఈ పాత, చిన్న స్టేడియం. పెద్దవాళ్ళంతా స్కాండినేవియం గురించే మాట్లాడుతారు. నాకైతే ఫ్రోలుండాబోరి చాలా నచ్చింది. కుర్చీలు మంచుకు ఎంత దగ్గరంటే, ఆటగాడు గబుక్కున ఆగినప్పుడు స్కేటు మంచును గీసే చప్పుడు, కోచ్ కేకలు, పక్ అనే రబ్బరు బిళ్ళ గోడకు తగిలే దెబ్బ అన్నీ విడివిడిగా వినిపిస్తాయి.

మొదట చూసింది స్లొవాకియా, చెకియా మ్యాచ్. 1992 చివరి దాకా ఈ రెండూ ఒకే దేశం. ఇప్పుడు మంచు మీదున్న పిల్లలంతా 2004లోనో ఆ తర్వాతో పుట్టినవాళ్ళు, చెకోస్లొవాకియా వాళ్ళకు తాతలు చెప్పిన కథే. మా ముందు వరసలో ఒక స్లొవాక్ కుటుంబం, దాని పక్కన చెక్ కుటుంబం కూర్చున్నాయి. ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుతున్నారు, ఎదుటివాళ్ళకు అర్థమవుతోంది. గోల్ పడినప్పుడు మాత్రం ఇటువాళ్ళు లేచి నిలబడితే అటువాళ్ళు తల పట్టుకున్నారు. స్లొవాకియా 6-2తో గెలిచింది. ఈ చెక్ జట్టు తొందరగా ఇంటిదారి పడుతుందని చాలామంది అనుకున్నారు.

చిన్నోడు నాకు గురువు. "పక్‌ను చూడకు పిన్నీ, గోలీ కాళ్ళు చూడు" అన్నాడు. పక్ ఆ చివర ఉన్నప్పుడు కూడా గోలీ ఊరికే నిలబడడు. అటూ ఇటూ కదులుతూ తన ముందరి మంచును స్కేట్లతో గరుకు చేసుకుంటాడు, స్తంభాన్ని చేత్తో తడిమి తానెక్కడున్నాడో చూసుకుంటాడు. మిగతావాళ్ళు ముప్పావు నిమిషం ఆడి బెంచీ మీదికి దూకేస్తారు, వాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళు దిగుతారు. ఆ ముప్పావు నిమిషంలో ఒళ్ళంతా పిండేసినట్టు పరిగెత్తాలి కాబట్టే ఆట అంత వేగంగా ఉంటుంది. ఇరవై నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు ఆగకుండా మంచు మీద ఉండేది గోలీ ఒక్కడే.

సాయంత్రం స్కాండినేవియంలో స్వీడన్, లాత్వియా. 1971లో కట్టిన ఈ హాల్లో హాకీకి 12 వేల మంది దాకా పడతారు. అంతా పసుపు జెర్సీలే. ఒక మూల మాత్రం ముదురు ఎరుపు, మధ్యలో తెల్లచార ఉన్న లాత్వియా జెండాలు. స్వీడన్ 6-0తో గెలిచింది. ఆరో గోల్ పడ్డాక కూడా ఆ మూల నుంచి పాట ఆగలేదు.

ఈ పోటీల్లో ఒక పద్ధతి ఉంది. ఆట అయ్యాక రెండు జట్లూ మంచు మీద తమ వైపున్న నీలిగీత దగ్గర వరసగా నిలబడతాయి. గెలిచిన దేశం జెండా ఎక్కుతుంది, ఆ దేశ జాతీయగీతం వినిపిస్తారు. ఓడినవాళ్ళు హెల్మెట్ తీసి, కదలకుండా, ఎదుటివాళ్ళ గీతం చివరిదాకా వినాలి. పెద్ద స్క్రీన్ మీద లాత్వియా పిల్లల మొహాలు చూపించారు. చెమటకు అతుక్కున్న జుట్టు, ఎర్రబడ్డ చెంపలు, కొందరికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. ఆరు గోల్స్ తిని అలా నిలబడడం ఆ వయసులో ఎంత కష్టమో! ఆ తర్వాత వరసగా వచ్చి చేతులు కలిపారు.

డిసెంబర్ 27

ఫిన్లండ్, జర్మనీ. ఫిన్లండ్ ఈ పోటీ ఐదుసార్లు గెలిచిన దేశం. 2014లో ఇదే స్వీడన్‌కు వచ్చి మాల్మోలో ఆతిథ్య జట్టునే ఫైనల్లో ఓవర్ టైమ్‌లో ఓడించి కప్పు పట్టుకెళ్ళింది. జర్మనీ కుర్రాళ్ళు ప్రతి ఏడూ వచ్చేది ముందు ఈ డివిజన్‌లో నిలబడడానికి. అక్కడ పిల్లలందరినీ లాక్కునేది ఫుట్‌బాల్.

జర్మనీ 4-3తో గెలిచింది!

ఎలా గెలిచిందో చెప్పాలి. ఫిన్లండ్ వాళ్ళకు పక్ ఎక్కువసేపు దొరికింది, పాసులు అందంగా ఉన్నాయి. జర్మనీ వాళ్ళు తమ గోల్ ముందు గోడ కట్టారు. షాట్ వస్తుంటే తప్పుకోకుండా దానికి అడ్డంగా పడ్డారు. ఒకడికి మడమ మీద తగిలింది, ఒంటికాలి మీద జారుకుంటూ బెంచీ దాకా వెళ్ళాడు. రెండు వంతులు కూర్చుని మళ్ళీ దిగాడు. ఆఖరి నిమిషాల్లో ఫిన్లండ్ తన గోలీని బయటికి పిలిచి ఆరో ఆటగాణ్ణి దించింది. వెనక గోల్ ఖాళీ, ముందు ఆరుగురు. ఆ కాసేపూ అక్క నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ళ గుర్తులు పడ్డాయి. హారన్ మోగగానే జర్మన్ పిల్లలు గ్లవ్స్, స్టిక్కులు గాల్లోకి విసిరి గోలీ మీద పడ్డారు. ఒక్క లీగ్ మ్యాచ్ గెలిచి ఇంత సంబరమా అని ఎవరైనా అనవచ్చు. ఈ మూడు పాయింట్లు వాళ్ళను కింది డివిజన్‌కు పడిపోకుండా కాపాడవచ్చు. మరి సంబరం కాదా!

గ్రూపులో ఐదు జట్లు. పైనున్న నాలుగు క్వార్టర్ ఫైనల్‌కు వెళ్తాయి. ఐదోది రెండో గ్రూపు ఐదో జట్టుతో ఆడాలి, అందులో ఓడితే వచ్చే ఏడు కింది డివిజన్. చిన్న జట్లకు అసలు పోటీ ఆ గీత దగ్గరే.

రాత్రి ఇంట్లో టీవీలో కెనడా లాత్వియాను 10-0తో ఓడించడం చూశాం. రెండు రోజుల్లో పదహారు గోల్స్ తిన్నారు, ఒక్కటీ కొట్టలేదు. చిన్నోడు లాత్వియా గోలీ గురించే బాధపడ్డాడు, అన్నం సరిగ్గా తినలేదు.

డిసెంబర్ 28

ఈ రోజు మ్యాచ్‌కు టిక్కెట్ లేదు. కోర్ష్‌వేగెన్ దగ్గర దిగి లీసెబెరి పార్కు దీపాలు చూస్తూ నడిచాం. ఆ పార్కు తెరిచింది 1923లో, నగరానికి 300 ఏళ్ళు నిండిన సందర్భంగా. అంటే ఈ ఏడాది దానికి నూరేళ్ళు. స్కాండినేవియం అక్కడికి నడక దూరంలోనే. దారంతా కెనడా ఎర్ర జెర్సీలు కనిపించాయి. వేల మైళ్ళు దాటి క్రిస్మస్ సెలవులు ఇక్కడ గడుపుతున్న తల్లిదండ్రులు వాళ్ళలో ఎంతమందో. స్వీడన్ జర్మనీని 5-0తో ఓడించింది.

డిసెంబర్ 29

స్వీడన్, కెనడా. బావకు నాలుగు టిక్కెట్లు దొరకడం అదృష్టం. కెనడా జట్టులో పదిహేడేళ్ళ మాక్లిన్ సెలెబ్రీని ఉన్నాడు. అతణ్ణి గుర్తుపట్టడం తేలిక. పద్దెనిమిది నిండనివాళ్ళు మొహమంతా కప్పే రక్షణ పెట్టుకోవాలన్నది నియమం, మిగతావాళ్ళకు కళ్ళ మీద అద్దం సరిపోతుంది. స్వీడన్ గోలీ హూగో హేవెలిద్. గోలీలంటే ఆజానుబాహులు ఉండే ఈ కాలంలో అతను పొడవులో మామూలు మనిషి. కానీ పక్ ఎక్కడికి వస్తుందో ముందే అక్కడ ఉంటాడు. చిన్నోడు మ్యాచంతా కుర్చీలోనే అతనితో పాటు కదిలాడు. స్వీడన్ 2-0తో గెలిచింది. మూడు ఆటలు, ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు.

విరామంలో అక్క ఆట గురించి కాకుండా మెడల గురించి మాట్లాడింది. అక్టోబర్ 28న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆడం జాన్సన్ అనే అమెరికన్ ఆటగాడు మ్యాచ్ మధ్యలో ఎదుటి ఆటగాడి స్కేటు మెడకు తగిలి చనిపోయాడు. 29 ఏళ్ళు. ఆ వార్త వచ్చిన రాత్రి అక్కకు నిద్ర లేదు. జూనియర్ పోటీల్లో మెడపట్టీ ముందు నుంచీ తప్పనిసరి. ఈ డిసెంబర్‌లో అంతర్జాతీయ సమాఖ్య దాన్ని పెద్దల పోటీలకు కూడా వర్తింపజేయాలని నిర్ణయించింది. "రెండు నెలల కింద ఎవరూ అటు చూసేవాళ్ళు కాదే. ఇప్పుడు ప్రతి అమ్మా ముందు పట్టీయే చూస్తుంది" అంది. తరువాతి పీరియడ్‌లో నేనూ అదే చూశాను. ఇరవై ఏళ్ళ కుర్రాడు అసహనంగా దాన్ని సర్దుకోవడం, రిఫరీ ఒకసారి వేలితో చూపించడం. ఆ నియమం ఎంత చికాకు పెట్టినా సరే, ఉండి తీరాలి.

డిసెంబర్ 30

ఈ యాత్రలో నేను అన్నిటికంటే ఎదురుచూసిన రోజు. లాత్వియా, జర్మనీ. ఈ మ్యాచ్‌కు ఎందుకు డబ్బు తగలేస్తున్నావని బావ సెప్టెంబర్‌లోనే అడిగాడు.

లాత్వియా జనాభా పంతొమ్మిది లక్షల దరిదాపు, అంటే మన విశాఖపట్నం అంత. అంత మందిలోంచే ఆటగాళ్ళు రావాలి. కానీ ఆ దేశంలో హాకీ అంటే ఏమిటో చెప్పడానికి ఈ ఏడాది మేలో జరిగింది చాలు. పెద్దల ప్రపంచ చాంపియన్‌షిప్‌లో లాత్వియా అమెరికాను ఓవర్ టైమ్‌లో 4-3తో ఓడించి కంచు పతకం గెలిచింది, దేశ చరిత్రలో మొదటి పతకం. ఆ అర్ధరాత్రే పార్లమెంటు సమావేశమై, మర్నాడు దేశమంతటికీ సెలవని తీర్మానించింది. మంచు మీదున్న ఈ పిల్లలు అది చూసి వచ్చినవాళ్ళు.

లాత్వియా అప్పటికి ఆడిన మూడూ ఓడింది. నిన్న ఫిన్లండ్ చేతిలో కూడా. జర్మనీకి ఫిన్లండ్ మీద గెలిచిన మూడు పాయింట్లు ఉన్నాయి. ఇవాళ జర్మనీ గెలిస్తే లాత్వియా కథ ఐదో స్థానంతో ముగుస్తుంది. స్కాండినేవియంలో స్వీడన్ ఆట రోజు ఉన్న జనంలో చిన్న భాగమే ఉంది. ఉన్నవాళ్ళలో మాత్రం ఎవరూ కాలక్షేపానికి రాలేదు. మాకు కుడివైపు లాత్వియా వాళ్ళ డప్పులు, ఎడమవైపు జర్మన్ కుర్రాళ్ళ తల్లిదండ్రులు, కొడుకు పేరు వెనక రాసుకున్న జెర్సీలతో.

మొదటి పది నిమిషాలూ రెండు జట్లకూ టెన్షనే. సులువైన పాసులు జారిపోయాయి. ఆ తర్వాత లాత్వియా గోల్ కొట్టింది, వాళ్ళ కట్టు తెగింది. మొదటి రెండు ఆటల్లో పదహారు గోల్స్ తిన్న జట్టేనా ఇది అనిపించింది. పక్ మూలకు పోయిన ప్రతిసారీ ముందుగా చేరింది లాత్వియా కుర్రాడే. ఎవరైనా కింద పడితే పడ్డచోటు నుంచే స్టిక్ చాచి పక్‌ను తోసేవాడు. మూడు రోజుల కింద ఫిన్లండ్‌కు అడ్డంగా పడ్డ జర్మన్ పిల్లలు ఇవాళ అలసిపోయారు. వాళ్ళ కాళ్ళు రావడం లేదని మాకు కూడా తెలుస్తోంది. 6-2.

ఆట అయ్యాక లాత్వియా గీతం మొదలైంది. మొన్న స్వీడన్ గీతం వింటూ నిలబడ్డ ఆ పిల్లలే ఇవాళ భుజాల మీద చేతులు వేసుకుని గొంతెత్తి పాడారు. ఎదురుగా జర్మన్ పిల్లలు తల దించుకుని నిలబడ్డారు. ఎడమవైపున్న ఒక తండ్రి గీతం అయ్యేదాకా నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆయన కొడుకు ఓడిన జట్టులో ఉన్నాడు. ఆయన చప్పట్లు చూసి లాత్వియా డప్పులవాళ్ళు ఆయన దగ్గరికి వచ్చి చెయ్యి కలిపారు. రేపు కెనడాతో జర్మనీకి ఆఖరి ఆట. అందులో జర్మనీకి ఒక్క పాయింటు దొరికినా లాత్వియా గెలుపు వృథా. ఆ సంగతి ఆ తండ్రికీ తెలుసు, డప్పులవాళ్ళకూ తెలుసు.

ఫైనల్ టిక్కెట్ దొరక్కపోతే బాధపడేవాళ్ళను చాలామందిని చూశాను. ఈ మ్యాచ్‌కు రానివాళ్ళను చూస్తే నాకు జాలేసింది.

డిసెంబర్ 31

జర్మనీ కెనడా మీద గట్టిగా పోరాడి 6-3తో ఓడింది. లాత్వియా, జర్మనీ మూడేసి పాయింట్లతో సమానం. ఒకరి మీద ఒకరి గెలుపే లెక్క కాబట్టి లాత్వియా క్వార్టర్ ఫైనల్లో. ఇంట్లో చిన్నోడు చేసిన గోలకు కింది అంతస్తువాళ్ళు ఏమైందోనని పైకి వచ్చారు. ఫిన్లండ్ స్వీడన్‌ను షూటౌట్‌లో 5-4తో ఓడించింది, అయినా గ్రూపులో మొదటి స్థానం స్వీడన్‌దే. ఆ మ్యాచ్ బాగా ఆడారు కానీ స్వీడన్‌కు దాని మీద ఏదీ ఆధారపడి లేదు. అర్ధరాత్రి బాణాసంచా చూసి పడుకున్నాం.

జనవరి 1, 2024

ఆటలు లేవు. హాగా వీధుల్లో నడిచి, పళ్ళెమంత పెద్ద దాల్చినచెక్క బన్ను ఒకటి తెచ్చుకుని నలుగురం తిన్నాం.

హూగో హేవెలిద్‌కు ఇవాళ ఇరవై నిండాయి. అతని కవల సోదరుడు మత్తియాస్ కూడా ఇదే జట్టులో డిఫెన్స్ ఆడతాడు. 2004 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్ళకే ఈ పోటీలో అర్హత. ఒక్క రోజు ముందు పుట్టి ఉంటే ఇద్దరూ ఇవాళ ఇంట్లో టీవీ ముందు కూర్చునేవాళ్ళు. వాళ్ళ నాన్న నిక్లాస్ హేవెలిద్ 2006 టూరిన్ ఒలింపిక్స్‌లో స్వీడన్‌కు స్వర్ణం తెచ్చిన జట్టులో ఆడాడు.

జనవరి 2

నలుగురికీ ఒకే మ్యాచ్ టిక్కెట్లు దొరకలేదు. బావ, చిన్నోడు స్వీడన్ ఆటకు, అక్క, నేను చెకియా, కెనడా ఆటకు. నిరుడు కెనడాలోని హాలిఫాక్స్‌లో జరిగిన ఫైనల్ కూడా ఈ రెండింటి మధ్యే. అప్పుడు కెనడా ఓవర్ టైమ్‌లో 3-2తో గెలిచింది.

చెక్ జట్టు మొదటి రోజు స్లొవాకియా చేతిలో చిత్తుగా ఓడినదే. ఇవాళ 2-0 ఆధిక్యంలోకి వెళ్ళింది. కెనడా రెండూ కొట్టి సమం చేసింది. మూడో పీరియడ్ చివరి నిమిషంలో అందరం ఓవర్ టైమ్‌కు సిద్ధపడ్డాం. అప్పుడు యాకుబ్ ష్టాంట్సల్ కొట్టిన పక్ కెనడా డిఫెండర్‌కు తగిలి దారి మారి గోల్లోకి పోయింది. గడియారంలో మిగిలింది 11.7 సెకన్లు. హాల్లో ఒక క్షణం ఏ చప్పుడూ లేదు, ఏం జరిగిందో చాలామందికి అర్థం కాలేదు. ఆ తర్వాత చెక్ అభిమానుల మూల నుంచి వచ్చిన అరుపుకు నా గుండె ఝల్లుమంది.

కెనడా డిఫెండర్ మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయాడు. దారి మారిన పక్‌కు ఎవరూ బాధ్యులు కారు. కానీ ఆ వయసు కుర్రాడికి ఆ మాట ఎవరు చెప్పినా వినిపిస్తుందా! సహచరుడొకడు వచ్చి అతణ్ణి లేపి, పక్కనే ఉండి నీలిగీత దాకా తీసుకెళ్ళాడు.

స్వీడన్ కూడా తేలిగ్గా గట్టెక్కలేదు. స్విట్జర్లాండ్ వాళ్ళను ఓవర్ టైమ్ దాకా లాగింది, 3-2. ఫిన్లండ్ కూడా స్లొవాకియా మీద ఓవర్ టైమ్‌లోనే 4-3తో బయటపడింది. లాత్వియా అమెరికా చేతిలో 7-2తో ఓడింది, కానీ ఇక వాళ్ళు కింది డివిజన్‌కు పోరు. వచ్చే ఏడు మళ్ళీ ఇక్కడే.

జనవరి 3

రాత్రంతా మంచు. దక్షిణాన స్కోనె ప్రాంతంలో ఈ22 హైవే మీద వెయ్యికి పైగా వాహనాలు మంచులో ఇరుక్కుపోయాయని వార్తలు. మ్యాచ్‌లు లేవు కాబట్టి చిన్నోడి క్లబ్బు ప్రాక్టీసుకు వెళ్ళాను.

స్వీడన్ హాకీ అర్థం కావాలంటే స్కాండినేవియం కన్నా ఇలాంటి రింకుకు రావాలని నా నమ్మకం. ఇక్కడి క్లబ్బులు సభ్యులవి, వ్యాపారుల సొత్తు కాదు. పెద్ద లీగ్‌లో ఆడే క్లబ్బుల్లో కూడా ఓట్లలో సగానికి పైగా సభ్యుల సంఘం చేతిలోనే ఉండాలన్నది నియమం. కిందిస్థాయిలో పనంతా తల్లిదండ్రులదే. ఇవాళ కాఫీ కౌంటర్‌లో అక్క వంతు. ఒకాయన పిల్లల స్కేట్లకు పదును పెడుతున్నాడు. గోడవారన చిన్నబడ్డ స్కేట్లు, ప్యాడ్లు పెట్టి ఉన్నాయి, ఎవరికి సరిపోతే వాళ్ళు తీసుకుంటారు. గోలీ సామాను కొత్తది కొనాలంటే మామూలు జీతగాడికి భారమే. చిన్నోడు మొదటి రెండేళ్ళూ క్లబ్బు ఇచ్చిన ప్యాడ్లతోనే ఆడాడు. ఈ దేశం వచ్చిన కొత్తలో అక్కకు ఇక్కడ ఒక్క మనిషి తెలియదు. ఇప్పుడు ఈ కౌంటర్ దగ్గర అందరూ ఆమెను పేరు పెట్టి పలకరిస్తున్నారు. ఆమె చేసిన గారెలు కూడా కాఫీ పక్కన పెట్టారు, అరగంటలో అయిపోయాయి.

జనవరి 4

సెమీఫైనల్స్. స్వీడన్ 5-2తో చెకియా మీద గెలిచింది, అమెరికా 3-2తో ఫిన్లండ్ మీద. స్వీడన్ ఆట హాల్లో చూశాం. ఇంటి జనం ముందు ఇంత ఒత్తిడిలో ఇంత నిదానంగా ఆడడం గొప్పే. డిఫెన్స్‌లో ఆక్సెల్ సాందిన్ పెల్లిక్కా నుంచి నేను చూపు తిప్పలేకపోయాను. ఎదుటివాడు మీదికి వస్తున్నా తొందరపడడు, ఒక్క మలుపుతో వాణ్ణి వదిలించుకుని పక్ ముందుకు పంపుతాడు.

నిలబడేదెవరో తేల్చే పోరు రెండు గ్రూపుల చివరి జట్ల మధ్య, జర్మనీకి నార్వేకి. ఆ మ్యాచ్‌కు వెళ్ళడం కుదరలేదు. జర్మనీ నిలబడింది, నార్వే కింది డివిజన్‌కు పోయింది. పత్రికల్లో దానికి దొరికిన చోటు చాలా తక్కువ. నార్వే ఈ ఏడే పైకి వచ్చిన జట్టు. ఇప్పుడు మళ్ళీ కింది మెట్టు నుంచి మొదలుపెట్టాలి. ఇరవై దాటబోతున్న కుర్రాళ్ళకు ఇంకో అవకాశం లేదు, ఎక్కించాల్సింది వాళ్ళ తమ్ముళ్ళే.

జనవరి 5

ముందు కంచు పతకం మ్యాచ్, చెకియా, ఫిన్లండ్. ఒక దశలో ఫిన్లండ్ 5-2 ఆధిక్యంలో ఉంది. మా వెనకవాళ్ళు ఫైనల్‌కు ముందు ఏదైనా తినొద్దామని లేచారు. అక్కడి నుంచి చెకియా వరసగా ఆరు గోల్స్ కొట్టి 8-5తో గెలిచింది. ఒకటి పడింది, వెంటనే ఇంకొకటి, సమమైంది, ముందుకు పోయింది. ఫిన్లండ్ కుర్రాళ్ళు బెంచీ మీద నమ్మలేనట్టు స్కోరుబోర్డు వంక చూస్తున్నారు. తినడానికి పోయినవాళ్ళు తిరిగొచ్చి స్కోరు చూసి మమ్మల్ని అడిగారు. ఏం చెప్పాలో తెలియలేదు. మొదటి రోజు ఫ్రోలుండాబోరిలో తల పట్టుకున్న ఆ చెక్ కుటుంబం ఈ హాల్లో ఎక్కడో ఉండి ఉంటుందని వెతికాను, ఆ జనంలో కనిపించలేదు.

ఫైనల్లో అమెరికా స్వీడన్‌ను 6-2తో ఓడించింది, వాళ్ళకు ఆరో టైటిల్. ఐజాక్ హోవర్డ్ రెండు గోల్స్ కొట్టాడు. న్యాయంగా చెప్పాలంటే ఆ రోజు అమెరికానే బాగా ఆడింది. స్వీడన్ ఈ కప్పు 1981లో, 2012లో గెలిచింది, ఇంట్లో గెలుస్తుందని ఊరంతా కోరుకుంది. టోర్నీ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడిగా సాందిన్ పెల్లిక్కా, అత్యంత విలువైన ఆటగాడిగా అమెరికా కుర్రాడు కటర్ గోటియే. చిన్నోడు ఏడ్చాడు, దాచుకోలేదు. బావ వాణ్ణి ఊరుకోబెట్టలేదు, భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాడంతే. గెలిచినవాళ్ళ గీతం వస్తుంటే వాడే ముందు లేచి నిలబడ్డాడు.

జనవరి 6

ఇక్కడ ఇవాళా సెలవే. మధ్యాహ్నం రైలు. దారిలో చిన్నోడు మెసేజ్ పెట్టాడు: ఏప్రిల్ 25 నుంచి ఫిన్లండ్‌లో, ఎస్పో, వంటా నగరాల్లో 18 ఏళ్ళలోపు వాళ్ళ ప్రపంచ పోటీ. ఒకప్పుడు దాదాపు ఈ వయసువాళ్ళకు యూరప్ దేశాల మధ్యే చాంపియన్‌షిప్ ఉండేది. 1968లో మొదలై 1998 దాకా నడిచింది. మరుసటి ఏడు నుంచి దాని చోటులో ఈ ప్రపంచ పోటీ వచ్చింది. స్టాక్‌హోమ్‌లో సాయంత్రం ఓడెక్కితే మర్నాడు పొద్దునకల్లా హెల్సింకి, అక్కడి నుంచి రెండు ఊళ్ళూ దగ్గరే. మే 1 సెలవు, దానికి అటూ ఇటూ లీవు పెట్టొచ్చు. అక్కను కూడా రమ్మన్నాను. ముందు ఏ మ్యాచ్ టిక్కెట్లు కొనాలని బావ అడిగాడు. రెండు గ్రూపుల్లోనూ నాలుగు, ఐదు స్థానాలకు ఎవరు పోటీ పడతారో చూసి, ఆ మ్యాచ్‌లకు కొనమన్నాను.